హెడ్డు ప్యాకింగు, మా బాపు బిజినెస్సు

మొన్న మే నెలలో ఒక శనివారం ఇంటి వెనకాల గడ్డి కోస్తుంటే మా రైడింగ్ మోవరు ఉన్నట్టుండి పొగ కక్కడం మొదలెట్టింది. అల్లాటప్పా పొగ కాదు. పక్కింటాయన కంచె దాకా వచ్చి "అంతా క్షేమమేనా?" అని అడిగేంత పొగ. ఆపేసి దిగి చూస్తే సైలెన్సర్లోంచి నీలంగా మేఘం. నేను మాత్రం దోమల మందు కొట్టే మునిసిపాలిటీ బండి పక్కన నిలబడ్డవాడిలా నిలబడిపోయాను.

ఇండియాలో ఉన్న మిత్రుల కోసం రెండు ముక్కలు. రైడింగ్ మోవరంటే మనిషి ఎక్కి కూర్చుని నడుపుతూ గడ్డి కోసే బుల్లి ట్రాక్టరు. కడుపు కింద బ్లేళ్ళు, ముందు ఒక పెట్రోలు ఇంజను. నాది ఒకే సిలిండరుది, గాలితో చల్లబడేది. మేముండేది నార్త్ కరోలినాలో షార్లెట్ దగ్గర. ఇంటి చుట్టూ అరెకరం, అంటే మా కోరుట్ల లెక్కలో ఇరవై గుంటలు. 2013లో మా బాపు ఇక్కడికొచ్చినప్పుడు ఆ గడ్డంతా చూసి, "ఇంత జాగల గడ్డి పెంచుడేందిరా, పసుపన్న ఎయ్యరాదు" అన్నాడు. పసుపు వేస్తే కాలనీ సంఘం వాళ్ళు ఊరుకోరని చెప్తే నమ్మలేదు. గడ్డి జానెడు పెరిగితేనే వాళ్ళు ఉత్తరం రాస్తారు మరి.

సరే, విషయానికొస్తాను. ఒక రిపేరు షాపుకి ఫోన్ చేస్తే అవతలివాడు బండి మొహం చూడకుండానే తేల్చేశాడు. "నీలం పొగంటే రింగులు. ఇంజనే మార్చాలి. పధ్నాలుగు వందల డాలర్లవుతుంది. ఇంకో వెయ్యి వేసుకుంటే కొత్త బండే వస్తుంది కదా!" నిజమే కదా అనిపించింది. మనకలవాటే. ల్యాప్‌టాప్ నెమ్మదిస్తే కొత్తది, ఫోను పగిలితే కొత్తది. ఆ రాత్రి కొత్త బండిని కార్టులో కూడా పెట్టేశాను.

శనివారం రాత్రి ఎనిమిదికి ఇంటికి ఫోన్ చేయడం నాకలవాటు. కోరుట్లలో అప్పుడు ఆదివారం పొద్దున ఐదున్నర. అవ్వ ఇంకా లేవదు, బాపు అప్పటికే చాయ్ తాగి అరుగు మీద కూర్చుని ఉంటాడు. మాటల్లో మాటగా బండి సంగతి చెప్పాను. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి చెప్పాను, అంతే. నిజానికి మా ఇద్దరి మధ్య మాటలు తక్కువ. ఆరోగ్యం, వానలు, పిల్లల చదువు అయిపోగానే "మంచిగుండు బిడ్డా" అని పెట్టేస్తాడు.

ఆ రోజు మాత్రం పెట్టలేదు.

"పొగ ఏ రంగున్నది?"

"నీలం బాపూ."

"స్టార్టు జేసినప్పుడేనా, నడిచినంతసేపా?"

"నడిచినంతసేపు."

"ఆయిలు ఎక్కువ వోసినవా?"

లేదన్నాను. పుల్ల బయటికి తీసి చూడమన్నాడు. టార్చి పట్టుకుని గ్యారేజీలోకి పోయి చూశాను. ఆయిలు ఎక్కువుండడం అటుంచి, సగం తగ్గిపోయి ఉంది.

"గాలి జాలి ఇప్పు. అండ్ల ఆయిలున్నదా?"

ఎయిర్ ఫిల్టరు తీశాను. నూనెలో ముంచిన వడలాగుంది.

"ఎన్ని గంటలు నడిచిందిరా గది?"

మీటరు చూసి రెండొందల నలభై అని చెప్పాను. బాపు నవ్వాడు. చాలా రోజుల తర్వాత విన్న నవ్వు. "రెండొందల నలభై గంటలకే రింగులు పోతయారా? మన దగ్గర ఎండకాలం ఒక్క పంటకే గంతకంటె ఎక్కువ నడుస్తయి. రింగులు గావు. హెడ్డు ప్యాకింగు పోయింది. గ్యాసు కిందికి దిగి ఆయిలును పైకి తంతున్నది. ఇప్పు, తెలుస్తది."

ఇక్కడ కొంచెం ఇంజను పాఠం తప్పదు. సిలిండరుకీ దాని మీద కూర్చునే హెడ్డుకీ మధ్య ఉండే పల్చని రేకు పొరే హెడ్డు గ్యాస్కెట్టు. మన మెకానిక్కులు దాన్ని ప్యాకింగు అంటారు. పెట్రోలు మండినప్పుడు పుట్టే ఒత్తిడి బయటికి పోకుండా కాపలా కాయడం దాని పని. నా బండిలో ఉన్నలాంటి ఇంజన్లలో సిలిండరు పక్కనే వాల్వుల్ని తోసే పుష్ రాడ్ల కోసం ఒక సందుంటుంది. రెంటికీ నడుమ గోడ వేలెడు వెడల్పు కూడా ఉండదు. గ్యాస్కెట్టు సరిగ్గా అక్కడ కాలిపోతే మండిన వాయువు ఆ సందులోంచి కిందికి, ఆయిలుండే క్రాంక్ కేసులోకి దిగుతుంది. అక్కడ ఒత్తిడి పెరుగుతుంది. ఇంజను ఊపిరి తీసుకునే బ్రీదరు గొట్టం ద్వారా ఆయిలు ఎయిర్ ఫిల్టరులోకి, అక్కణ్ణించి మళ్ళీ సిలిండరులోకే వచ్చి మండుతుంది. అదీ నీలం పొగ. రింగులు అరిగినా ఇదే పొగ వస్తుంది కాబట్టి షాపువాడు రింగులన్నాడు. అతనడిగింది పొగ రంగొక్కటే. బాపు ఐదు ప్రశ్నలడిగాడు. ఖర్చు లేని ప్రశ్నలు ముందు, ఇప్పడం ఆఖర్న.

మనం ప్రొడక్షన్లో ఏదైనా పడిపోతే చేయాల్సిన పని అచ్చంగా ఇదే. చేసేది మాత్రం సర్వరు రీస్టార్ట్.

బాపు గురించి కొంచెం చెప్పాలి. కోరుట్లలో నిజామాబాద్ - జగిత్యాల రోడ్డు పక్కన ఆయనకో రేకుల షెడ్డుండేది. బోర్డు లేదు. బోర్డు అవసరం కూడా రాలేదు. డీజిలు ఇంజను పాడైన ఏ రైతైనా ఎడ్లబండి మీదో ట్రాక్టరు మీదో వేసుకుని అక్కడికే వచ్చేవాడు. బావుల మీద, వాగు పక్కన నీళ్ళు తోడే ఐదు హార్స్ పవర్ ఇంజన్లు. పసుపు తవ్వి ఉడకబెట్టాక పాలిష్ డ్రమ్ములు తిప్పే ఇంజన్లు. పుణె నుంచి వచ్చిన కిర్లోస్కర్లు, 1930 ప్రాంతంలో ఇంగ్లండులో పుట్టిన లిస్టరు ఇంజనుని చూసి రాజ్‌కోట్‌లో పోతపోసిన నకళ్ళు. ఆ నకళ్ళు నిమిషానికి ఆరొందల యాభై చుట్లే తిరిగేవి. డబ్ డబ్ డబ్ మని ఊరవతల నుంచి వినపడేవి. చప్పుడు విని అది ఎవరి ఇంజనో, దానికేం జబ్బో బాపు ఇంట్లో కూర్చునే చెప్పేవాడు.

సామాన్లు కావాలంటే జగిత్యాల పోవాలి. సుమారు పాతిక కిలోమీటర్లు. పదో తరగతి దాకా ఆ పని నాదే. పాత ప్యాకింగుని న్యూస్ పేపర్లో చుట్టి ఇచ్చి, "దీని తీరుదే, చెవులు లెక్కవెట్టి తే" అనేవాడు. బస్సెక్కి, జగిత్యాల టవర్ దగ్గర దిగి, దుకాణంలో కొత్తదాన్నీ పాతదాన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి రంధ్రాలు కలిశాయో లేదో చూసుకుని తెచ్చేవాణ్ణి. రాగి ప్యాకింగైతే కొత్తది కొనేవాడే కాదు. పొయ్యిలో ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచి మళ్ళీ వాడేవాడు. రాగిని కాలిస్తే మెత్తబడుతుంది. నలిగి గట్టిపడ్డది మళ్ళీ అతుక్కునేలా తయారవుతుంది. దాన్ని ఎనీలింగ్ అంటారని నాకు ఇంజనీరింగు రెండో సంవత్సరంలో తెలిసింది. బాపుకి ఇప్పటికీ ఆ మాట తెలీదు.

అయితే పానా మాత్రం ముట్టనిచ్చేవాడు కాదు. సామాను తేవాలి, ఇచ్చి పోవాలి. ఒకసారి చూస్తూ చూస్తూ రింగు పానా చేతికి తీసుకుంటే లాక్కుని, "నా చేతులు జూడు" అన్నాడు. కుడిచేతి చూపుడు వేలు కొస లేదు. బెల్టులో పోయింది. "నువ్వు బుక్కు వట్టు. ఇది నాతోనే వోవాలె."

అలాగే బుక్కు పట్టాను. ఎంసెట్, హైదరాబాదులో ఇంజనీరింగు, అదీ మెకానికల్. నవ్వొచ్చే సంగతేంటంటే మా కాలేజీ ల్యాబులో ఉన్నది బాపు షెడ్డులో రోజూ కనిపించే ఇంజనే. కిర్లోస్కర్ ఏవీ-1. ఎనభై మిల్లీమీటర్ల బోరు, నూటపది స్ట్రోకు, పదిహేనొందల ఆర్పీఎం. మెకానికల్ చదివిన చాలామందికి గుర్తుండే ఉంటుంది, దాని మీదే లోడ్ టెస్టు, హీట్ బ్యాలెన్స్ షీటు చేస్తాం. నాకు రికార్డులో పదికి తొమ్మిదిన్నర వచ్చింది. దాని హెడ్డు మీద బోల్టులెన్నో నాకు తెలీదు. ఆ తర్వాత అందరిలాగే క్యాంపస్‌లో సాఫ్ట్‌వేరు.

ఇప్పుడు సిగ్గుపడాల్సిన భాగం.

కాలేజీలో చేరేటప్పుడు 'తండ్రి వృత్తి' అన్న గడిలో 'బిజినెస్' అని రాశాను. ఎవరూ రాయమనలేదు. పక్కవాడిది చూస్తే డాక్టరు, అవతలివాడిది గ్రూప్-1 ఆఫీసరు. పెన్ను దానంతటదే బిజినెస్ అని రాసింది. అప్పట్నించి అన్నిచోట్లా అదే. హాస్టల్లో, ఉద్యోగంలో, పెళ్ళిచూపుల్లో. "ఏం బిజినెస్?" అని అడిగితే "పంపుసెట్లు". అబద్ధం కాదు కదా అని సర్దిచెప్పుకునేవాణ్ణి. 2013లో బాపుకి వీసా ఫారం నింపింది కూడా నేనే. వృత్తి దగ్గర మళ్ళీ అదే మాట. "ఇంటర్వ్యూల అడిగితే బిజినెస్ అని చెప్పు బాపూ" అని ఫోన్లో నాలుగుసార్లు వల్లె వేయించాను. హైదరాబాదు కాన్సులేటు అప్పుడు బేగంపేటలో పైగా ప్యాలెస్‌లో ఉండేది. లోపల అడిగారట, ఏం బిజినెస్ అని. బాపు "ఇంజన్లు బాగుజేస్త" అన్నాడట. ఏ ఇంజన్లన్నారట. "నీళ్ళయి, డీజిలువి. నలభై ఏండ్ల సంది" అన్నాడట. వీసా ఇచ్చేశారు. బయటికొచ్చి నాకు ఫోన్ చేసి, "నువ్వు జెప్పిన మాట నోటికి రాలేదు బిడ్డా" అన్నాడు. సారీ చెప్తున్నట్టుగా అన్నాడు. నేను "ఏం కాదులే" అన్నాను. అంతకుమించి ఏం అనాలో తోచలేదు.

సరే, మళ్ళీ గ్యారేజీకి వద్దాం.

కార్టులోంచి కొత్త బండి తీసేసి గ్యాస్కెట్టు సెట్టు తెప్పించాను. పాతిక డాలర్లు. తర్వాతి శనివారం ఫోన్ని ఒక డబ్బాకి ఆనించి వీడియో కాల్ పెట్టి పని మొదలెట్టాను. ముందు బ్యాటరీ వైరు, ప్లగ్గు వైరు పీకడం. ఇంజను చల్లగా ఉందా అని బాపు రెండుసార్లు అడిగాడు. వేడి మీద హెడ్డు విప్పితే వంకరపోతుందట. తర్వాత పైనున్న రేకు డొప్ప తీశాను.

డొప్ప కింద ఏముందో చూసి ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. సిలిండరు చుట్టూ గాలి తగలడానికి రెక్కల్లాంటి ఫిన్నులుంటాయి. అవి కనబడితే కదా! ఎండుగడ్డి, మట్టి, దాని మీద ఎలుక పెట్టుకున్న గూడు. పదేళ్ళుగా బండి నడుపుతున్నాను, ఒక్కసారి ఆ డొప్ప తీసిన పాపాన పోలేదు.

"గదీ" అన్నాడు బాపు. "ప్యాకింగెందుకు వోయిందని నేనడుగుదామనుకుంటున్న. నువ్వే జూపిచ్చినవు."

ఆ మాటతో నాకు సిరిసిల్ల గుర్తొచ్చింది. సిరిసిల్ల మా అవ్వ పుట్టినూరు. మేనమామకి సాంచాలుండేవి. తెలియనివాళ్ళ కోసం, సాంచాలంటే అక్కడి భాషలో పవర్‌లూములు. దసరా సెలవులకి కథలాపూర్, రుద్రంగి, వేములవాడ మీదుగా బస్సులో పోయేవాళ్ళం. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు అక్కడ మామకి తెలిసిన ఒక సైజింగు కార్ఖానాలో జనరేటరు ఇంజనుకి రెండు నెలల్లో రెండుసార్లు హెడ్డు ప్యాకింగు పోయింది. కరెంటు ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియని రోజులు. యజమాని బాపుని పిలిపించాడు. బాపు హెడ్డు విప్పి, కొత్త ప్యాకింగుని పక్కన పెట్టేసి, నీళ్ళు తిరిగే దారుల్లో ఇనుప చువ్వ పెట్టి పొడవడం మొదలెట్టాడు. బోరు నీళ్ళ ఉప్పు పేరుకుని లోపల తెల్లగా సున్నపు రాయిలాగా గట్టిపడింది. పొద్దున్నించి సాయంత్రం దాకా అదే పని. యజమాని నెత్తిన కూర్చున్నాడు. "ప్యాకింగేసి పోరాదయ్యా, మాకు పని ఆగిపాయె" అని. బాపు తలెత్తకుండానే, "ప్యాకింగు ఏస్తే ఏస్తగని, మల్ల రెండు నెల్లకు నన్నే తిడ్తవు. పోవుడు ఎందుకు వోయిందో సూడకపోతే నేనెందుకు, నువ్వే ఏసుకో" అన్నాడు.

అప్పుడు నాకు విసుగ్గా ఉండింది. మామ పిల్లలంతా సినిమాకి పోతుంటే నేను అక్కడ పానాలందిస్తూ ఎందుకున్నానా అని. ఇరవై ఏళ్ళుగా మీటింగుల్లో 'రూట్ కాజ్' అన్న మాట కొన్ని వేలసార్లు విని ఉంటాను. దాని మీద టెంప్లేట్లున్నాయి, ట్రైనింగులున్నాయి. ఆ పని నిజంగా చేసిన మనిషిని మాత్రం నేను అంతకుముందే చూసేశాను. చూశానని తెలియలేదు.

ఫిన్నులన్నీ బ్రష్షుతో శుభ్రం చేశాకే ముందుకి పోనిచ్చాడు. వాల్వు కవరు, రాకర్లు, పుష్ రాడ్లు. ఏది ఏ వాల్వుదో గుర్తుపెట్టి విడివిడిగా పెట్టించాడు. చివరికి హెడ్డు. ఐదు బోల్టులు. తీసి తిరగేస్తే పుష్ రాడ్ల సందు వైపు గ్యాస్కెట్టు కాలిపోయి, నల్లగా బొగ్గు గీత. పధ్నాలుగు వందల డాలర్ల జబ్బు మొత్తం అంతే. చిటికెన వేలి గోరంత.

హెడ్డు వంకరపోయిందేమో చూడటానికి కిటికీ అద్దం ముక్క మీద నీళ్ళ కాగితం, అదే తడి శాండ్ పేపరు, పరిచి హెడ్డుని దాని మీద ఎనిమిది అంకె వేసినట్టు రుద్దమన్నాడు. ఎక్కడ మెరుస్తుందో అది ఎత్తు, ఎక్కడ మెరవదో అది పల్లం. ముప్పావుగంట రుద్దాక అంతా ఒకే మెరుపొచ్చింది. కొత్త గ్యాస్కెట్టు పొడిగానే పెట్టాలి, జిగురూ గ్రీజూ ఏమీ రాయకూడదు.

బిగించే దగ్గర నేను కొంప ముంచబోయాను. మాన్యువల్లో 220 అనుంది. నా టార్క్ రెంచి అడుగు-పౌండ్లది, మాన్యువల్లో ఉన్నవి అంగుళ-పౌండ్లు. పన్నెండుతో భాగిస్తే పద్దెనిమిది చిల్లర. నేను ఆ సంగతి చూసుకోకుండా రెంచిని పైకి తిప్పుకుంటూ పోతుంటే బాపు, "నీ మొఖం ఎర్రగైతున్నదేందిరా? అల్యూమినియం గది, గంత బలం వెట్టద్దు" అన్నాడు. అంకె ఆయనకి తెలీదు. నా మొహం చూసి చెప్పాడు. 1999లో నాసా వాళ్ళ మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ కూడా పౌండ్లకీ న్యూటన్లకీ తేడా చూసుకోకనే పోయింది. వాళ్ళకి మా బాపు లేడు :-)

ఆ తర్వాత ఒకేసారి కాకుండా మూడు విడతలుగా, ఎదురెదురు బోల్టులు మార్చుకుంటూ బిగించాను. "మంచం నులక గుంజినట్టు గుంజాలె. ఒక్క దిక్కే గుంజితే ఇంకో దిక్కు లేస్తది."

వాల్వుల సందు నేనే సెట్ చేశాను, వీడియో చూసి. పిస్టను సరిగ్గా పైకొచ్చినప్పుడు ఫీలర్ గేజి పెట్టి అంగుళంలో వెయ్యోవంతుల లెక్క చూసి బిగించాను. నేనూ మెకానికల్ ఇంజనీరునే అన్న గర్వం కొంచెం తన్నుకొచ్చింది. అన్నీ పెట్టేసి తాళం తిప్పాను.

టక్. అంతే. స్టార్టరు అర చుట్టు తిప్పి ఆగిపోయింది. మళ్ళీ టక్. బ్యాటరీ ఛార్జి పెట్టాను. కారు బ్యాటరీకి తగిలించి చూశాను. అదే టక్. ముందు పొగన్నా వచ్చేది, ఇప్పుడు అదీ లేదు. రాత్రి పది దాటింది. మా ఆవిడ తలుపు దగ్గరకొచ్చి ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఏమన్నా అని ఉంటేనే బాగుండేది.

బాపు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "అరేయ్, గా లివరేది?"

"ఏ లివరు?"

"హ్యాండిలు కొట్టేటప్పుడు లేపి వట్టే లివరు."

పాత డీజిలు ఇంజన్లు చేత్తో తిప్పి స్టార్ట్ చేసినవాళ్ళకి ఇది తెలుస్తుంది. హెడ్డు పక్కన చిన్న లివరుంటుంది. దాన్ని లేపి పడితే వాల్వు కొంచెం తెరుచుకుని గాలి బయటికి పోతుంది, కాబట్టి హ్యాండిలు తేలిగ్గా తిరుగుతుంది. వేగం అందుకోగానే లివరు వదిలేస్తే గాలి బిగుసుకుని ఇంజను అందుకుంటుంది. అది లేకపోతే పదహారు రెట్లు నొక్కుకుపోయే గాలిని తిప్పడం పహిల్వానుకి కూడా కాదు.

"దీనికి అట్లాంటిది లేదు బాపూ, ఇది సెల్ఫు."

"సెల్ఫయితేందిరా, గాలి గాలే గదా. చిన్న మోటరు గంత గాలిని ఎట్ల తిప్పుతది? లోపలెక్కడనో ఉంటది. సూడు."

చూశాను. ఉంది. కామ్ షాఫ్టు మీద వాల్వుని వెంట్రుకవాసి ఎత్తి పట్టే ఒక బుడిపె. స్టార్టయ్యేటప్పుడు లివరు చేసే పనే అది చేస్తుంది. దాని గురించి మాన్యువల్లో ఒక్క వాక్యముంది. పిస్టను పైకి వచ్చాక ఇంకో పావంగుళం కిందికి దిగనిచ్చి, అప్పుడు వాల్వుల సందు సెట్ చేయాలి అని. నేను సరిగ్గా పైనున్నప్పుడు సెట్ చేశాను. అంటే వాల్వు ఆ బుడిపె మీద నిలబడి ఉన్నప్పుడు. దాంతో సందు ఎక్కువైపోయి, బుడిపె వాల్వుని అందుకోవడమే మానేసింది. ఆ వాక్యం నేను చదివాను కూడా. ఎందుకో అర్థం కాలేదు కాబట్టి దాటేశాను. బాపు ఆ వాక్యం చదవలేదు, చదవలేడు కూడా, అది ఇంగ్లీషు. అలాంటి ఇంజన్ని ముట్టింది లేదు. ఆ వాక్యం ఎందుకుండాలో మాత్రం ఆయనకి తెలుసు.

పావంగుళం దించి మళ్ళీ సెట్ చేశాను. తాళం తిప్పగానే బర్రుమని అందుకుంది. లోపల మిగిలిన పాత ఆయిలు మండి రెండు నిమిషాలు పొగ వచ్చింది. తర్వాత ఆగిపోయింది. ఫోన్లో బాపు తల కొంచెం పక్కకి వంచి చప్పుడు వింటున్నాడు. షెడ్డులో అట్లాగే వినేవాడు. "మంచిగున్నది. బందు వెట్టు, పక్కోళ్ళు పండుకున్నరు" అన్నాడు.

ఆ షెడ్డు ఇప్పుడు లేదు. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చాక డీజిలు ఇంజన్లు తగ్గుతూ వచ్చాయి. బోర్లు, సబ్‌మెర్సిబుల్ మోటర్లు వచ్చాయి. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగ్గంటల కరెంటన్నారు. రైతులకి మంచిదే, దాన్ని తప్పుపట్టే బుద్ధి నాకు లేదు. బాపు పనివాళ్ళు ఇద్దరూ మోటరు వైండింగు నేర్చుకుని బతికారు, ఒకడు గల్ఫుకి పోయాడు. బాపు 2012లోనే షెడ్డు మూసేశాడు. పానాలు గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టాడు.

పాత రోజులే బాగుండేవని నేననను. బాపు వేలు కొస పోయింది ఆ పాత రోజుల్లోనే. నన్ను పానా ముట్టనివ్వకపోవడం కూడా సరైన పనే. ముట్టనిచ్చి ఉంటే నేనూ ఇవాళ ఏ మస్కట్‌లోనో ఉండేవాణ్ణేమో. కానీ ఒక పని నుంచి బయటపడటం వేరు, ఆ పనిని చిన్నచూపు చూడటం వేరు. బాపు నన్ను మొదటిది చేయమన్నాడు, రెండోది నేనే కలుపుకున్నాను. మన ఆఫీసుల్లో నాలాంటి బిజినెస్‌మన్ కొడుకులు చాలామందే ఉంటారని నా అనుమానం. దర్జీ, డ్రైవరు, సాంచాల మీద కార్మికుడు, బీడీలు చుట్టే అవ్వ, అందరూ ఫారాల్లో బిజినెస్సే. ఆ ఫారాలు నింపింది వాళ్ళు కాదు, మనం.

ఇప్పుడు శనివారం ఫోన్లు కొంచెం పొడుగయ్యాయి. పోయినవారం "బండి నడుస్తున్నదా" అని అడిగి, "గా షాపోడు ఎంతన్నడు?" అన్నాడు. పధ్నాలుగు వందల డాలర్లని చెప్పాను. రూపాయల్లోకి మార్చి చెప్పమన్నాడు. చెప్పాను. కాసేపు ఊరుకుని, "మరి నా కూలి ఎప్పుడు పంపుతవురా?" అన్నాడు.

ఈసారి దసరాకి కోరుట్ల పోతున్నాను. అటక మీది సంచి దింపి, ఆ రింగు పానాలు ఇక్కడికి తెచ్చుకుందామని ఉంది. ఇస్తాడో ఇవ్వడో చూడాలి.